తోలు కట్టిన గంటలు

ఓట్ల లెక్కింపు ముగిసి, మా దేశం ఐరోపా కూటమిని విడిచి బయటకు నడవనున్నదని రేడియో ప్రకటించిన ఆ శుక్రవారం ఉదయం, ఊరి చర్చి గురువునైన నేను ప్రార్థన ముగించి తలుపు తీసేసరికి రూబెన్ థాకర్ నా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆదివారం నాడు తప్ప కట్టని టై కట్టుకున్నాడు. చేతిలో మా దేవాలయపు గంటల గోపురం తాళంచెవి ఉంది.

"అయ్యగారూ, గంటలు మోగిస్తాం," అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకంటారేంటి. రాణిగారి పట్టాభిషేకానికి మోగించారు. యుద్ధం అయిపోయినప్పుడు మా నాన్న మోగించాడు. ఇదేం వాటికి తీసిపోయిన సంగతి కాదు."

మా ఆల్డర్‌ఫ్లీట్ సముద్రం నుంచి గుంజుకున్న నల్లరేగడి మీద కట్టిన ఊరు. ఇక్కడ నలుగురిలో ముగ్గురు బయటకే ఓటు వేశారు. ఆ నాలుగోవారి ఇంట ఆ ఉదయం ఎలా ఉండి ఉంటుందో నేను తలచుకుంటున్నాను.

"రూబెన్, ఆ గోపురం కింద ఏడుస్తూ టీ తాగుతున్నవాళ్ళు కూడా ఉన్నారు."

"నవ్వుతూ తాగుతున్నవాళ్ళే ఎక్కువ కదండీ."

"అందరికీ ఉన్నవి అవే ఆరు గంటలు. దేవుణ్ణి తలుచుకోవడానికి కట్టినవి. ఓట్లకి మోగించడానికి నేను ఒప్పుకోను."

అతడు తాళంచెవిని జేబులో వేసుకున్నాడు. కోపం రాలేదు, వచ్చినా చూపించే మనిషి కాడు. "మీరెటు వేశారో నేనడగను," అన్నాడు వెళ్ళబోతూ.

"అడగవద్దు," అన్నాను.

అతడు మా గంటలవాళ్ళకు నాయకుడు. ఊళ్ళో అందరూ కెప్టెన్ అనే పిలుస్తారు. పొలాల్లో చేరిన నీటిని కాలువల్లోకి తోడే పంపుల దగ్గర జీవితమంతా పనిచేసి విరమించాడు. పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడే తల్లి పోతే అక్క డోర్కస్ పెంచింది. ఇప్పటికీ ఆమె చలికాలం రాగానే అతనికి స్వెటరు అల్లుతుంది, అతడు వేసవి రాగానే ఆమెకు చిక్కుడు తీగలు పాకిస్తాడు. గోపురంలో ఆమెది అయిదో గంట, అతనిది ఆరోది, అన్నింటికంటే పెద్దది. తాళంచెవులు రెండే ఉన్నాయి. రెండోది ఆమె దగ్గర ఉంటుంది.

ఆ రెండో తాళంచెవితో ఆ ఉదయం, తమ్ముడు నా గుమ్మంలోకి రాకముందే, డోర్కస్ చేసిన పని అప్పటికి నాకు తెలియదు. తరవాత ఆమే చెప్పింది. చదివేవారికి ముందే తెలియడం న్యాయం కనుక ఇక్కడే చెబుతున్నాను.

ఆమె భర్త పీటర్ హాలండు నుంచి తులిప్ దుంపలతో వచ్చినవాడు. వచ్చి, ఇక్కడే నిలిచి, దేవాలయం వెనక ఉత్తరపు గోడ పక్కన నిద్రిస్తున్నాడు. "ఆయన పరదేశి కాడు, కాస్త ఆలస్యంగా వచ్చిన ఊరివాడు," అనేది డోర్కస్. ఆమె ఓటు ఎటో చెప్పనవసరం లేదు. లెక్కింపు వినగానే, తమ్ముడు తప్పకుండా గంటలు మోగించడానికి వస్తాడని ఆమెకు తట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుంటూ గోపురం మెట్లెక్కి, నిచ్చెనెక్కి, బీరువాలో ఉండే తోలు తొడుగులు తీసి గంటల నాలుకలకు ఒక పక్కన కట్టింది.

అలా కట్టినప్పుడు గంట ఒక దెబ్బకు మామూలుగా మోగుతుంది. రెండో దెబ్బకు నీళ్ళ అడుగు నుంచి వినిపించినట్టు మూగగా మోగుతుంది. మేము చావులకు, యుద్ధంలో పోయినవారిని తలచుకునే నవంబరు ఆదివారానికి మాత్రమే అలా కడతాం. విజయోత్సవం చేసుకుందామని తాడు లాగితే అతనికి శవయాత్ర వినిపించాలన్నది ఆమె పన్నాగం. ఆ వయసులో అంత ఎత్తు ఎక్కించిన కోపం ఎలాంటిదో ఊహించవచ్చు. అందులో సగం ముద్దే అని నా నమ్మకం. ఏదేమైనా నేను గంటలు వద్దన్నాను గనుక ఆ పన్నాగం పారలేదు. తోళ్ళు అలాగే ఉండిపోయాయి.

మరునాడు శనివారం మా దేవాలయంలో పెళ్ళి.

పెళ్ళికూతురు రాసా లిథువేనియా దేశపు పిల్ల. కోసుగడ్డలూ కాలీఫ్లవర్లూ శుభ్రం చేసి పెట్టెలకెత్తే షెడ్డులో పనికి వచ్చి, డోర్కస్ ఇంట్లో అద్దెకు దిగి, మెల్లగా ఆ ఇంటి పిల్ల అయిపోయింది. ఒక చలికాలపు సాయంత్రం గోపురంలో దీపం చూసి మెట్లెక్కి వచ్చింది. తాడు ఆమెను నేల మీది నుంచి పైకెత్తి పడేసిన మొదటి రోజున రూబెన్, "తాడుతో తగువు పెట్టుకోకు పిల్లా, అది నీకంటే బరువు," అన్నాడట. తరవాత అతడే నేర్పాడు. గంటలు మోగించేవాళ్ళు గంటల వంక చూడరు, అవి ఎక్కడో పైకప్పు అవతల ఉంటాయి. ఎదుటివారి చేతుల వంక చూస్తారు. ఎవరి చేయి దిగాక తన చేయి దిగాలో అందులోనే తెలుస్తుంది. అలా ఏళ్ళ తరబడి ఆ పిల్ల చేతులు చూస్తూ తన పెద్దగంట మోగించినవాడు రూబెన్. తండ్రి లేని ఆమె, తనను పెళ్ళిపీట దాకా నడిపించమని అడిగినది అతణ్ణే. అడిగిన రోజున అతడు నా దగ్గరకు వచ్చి, చేతికర్ర లేకుండా ఆ నడవా అంతా నడవగలనా అని ఖాళీ దేవాలయంలో నడిచి చూసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి ఊరు రెండు ముక్కలైనట్టు కనిపించింది. పూలు అలంకరించే స్త్రీలు ఒకే బల్ల దగ్గర నిలబడడం మాని రెండు కిటికీలు పంచుకున్నారు. పోస్టాఫీసు కొట్టులో బ్రెడ్డు కొనుక్కునేవాళ్ళు వాతావరణం గురించి మునుపెన్నడూ లేనంత శ్రద్ధగా మాట్లాడుకున్నారు. గంటలవాళ్ళలో ఒకడు, రెండోవాడు ఉన్న గదిలో తాను నిలబడనని కబురు పంపాడు; ఆ రెండోవాడు ఆ మాట తానే ముందన్నానని తిరుగు కబురు పంపాడు. పెళ్ళికి మనుషులు చాలక పక్క ఊరి గంటలవాళ్ళను అరువు అడగవలసి వచ్చింది.

బస్సు స్టాపులో రాసాను ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, "ఎప్పుడు పెట్టె సర్దుకుంటున్నావు?" అని నవ్వుతూ అడిగాడు. ఆమె ఇంటికి పోకుండా నేరుగా రూబెన్ తోటలోకి వెళ్ళింది. అతడు చిక్కుళ్ళకు నీళ్ళు పోస్తున్నాడు.

"కెప్టెన్, మీరూ బయటకేనా వేసింది?" అంది.

అతడు నీళ్ళ డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమె కాసేపు చూసింది. వెళ్ళిపోయింది.

పెళ్ళికి ముందు రోజు సాయంత్రం కెప్టెన్ గోపురమెక్కి ప్రతి గంటనూ, ప్రతి తాడునూ తడిమి చూడడం మా ఆనవాయితీ. రూబెన్ దానిని ఎన్నడూ తప్పినవాడు కాడు. ఆ ధైర్యంతోనే డోర్కస్, తమ్ముడు తోళ్ళు చూస్తాడు, తిట్టుకుంటూ విప్పుతాడు, విప్పాక తనతో పోట్లాటకు వస్తాడు అనుకుని, కేకు మీద పంచదార పూత పూస్తూ కూర్చుంది. రూబెన్ మాత్రం ఆ సాయంత్రం తోటలో ఉన్న బల్ల మీద నుంచి లేవలేదు. రాసా అడిగిన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటున్నాడు.

శనివారం ఎండ బాగా కాసింది. మధ్యాహ్నం నేను తెల్ల అంగీ వేసుకుని, దేవాలయం ఆవరణకు ముందుండే పెంకుల కప్పు వాకిలిలో పెళ్ళికూతురి కోసం నిలబడ్డాను. పెళ్ళికొడుకు సైలస్ లోపల ముందు వరుసలో చెమటలు తుడుచుకుంటున్నాడు. రాసా తల్లి, బస్సులో ఎన్నో దేశాలు దాటి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన చెట్టుకొమ్మల వంటి కేకును ఎవరికీ అప్పగించక, అక్కడా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. డోర్కస్ అరువు మనుషులను వెంటబెట్టుకుని గోపురంలోకి వెళ్ళింది. వారికి తోడు మా ఊరివారిలో ఆమె ఒక్కతే.

సందు చివర డోర్కస్ ఇంటి తలుపు తెరుచుకోవడం నాకు కనిపించింది. రూబెన్ గేటు బయట నిలబడి ఉన్నాడు, లోపలికి పోలేదు. రాసా బయటకు వచ్చింది. ఆ దూరం నుంచి మాటలు నాకు వినిపించలేదు. ఆ తరవాత రూబెన్ చెప్పిన ప్రకారం అవి ఇవి.

"రావచ్చా?" అన్నాడు.

"రమ్మని అడిగాను. వద్దని మళ్ళీ చెప్పలేదుగా."

"ముందు ఒక మాట చెప్పాలి."

"పెళ్ళయ్యాక చెప్పండి. ఇప్పుడు వింటే ఏడుస్తాను. డోర్కస్ కళ్ళకి ఏదో పూసింది, కారుతుందట."

ఆమె చేయి అతని చేతి మీద పెట్టింది, మేజా బల్ల మీద పెట్టినట్టు. అలా ఇద్దరూ సందులో నడిచి వస్తున్నారు. నా నుంచి పలకరింత దూరానికి వచ్చేసరికి పైన గంటలు లేచాయి.

మొదటి వరుస వెలుగు చిందినట్టు వచ్చింది. రెండో వరుస, అవే ఆరు గంటలు, మట్టి కింద నుంచి వచ్చింది. మళ్ళీ వెలుగు, మళ్ళీ మట్టి. సందులో నిలబడిన ఊరివారి తలలు ఒక్కటొక్కటిగా గోపురం వైపు తిరిగాయి. ఎండలో ఎవరో మగవాడు అలవాటు కొద్దీ టోపీ తీసేశాడు. ఎందుకు తీశాడో అర్థమయ్యాక ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఛాతీకి ఆన్చుకున్నాడు.

రాసా ఆగిపోయింది. తాడు పట్టడం నేర్చుకున్న మొదటి నవంబరులో, ఆ తోళ్ళు ఆమె చేతికిచ్చి చెప్పినవాడు రూబెనే: ఇవి పోయినవాళ్ళకి, బతికున్నవాళ్ళకి ఎన్నడూ కట్టం అని. ఆమె అతని చేతి మీది నుంచి చేయి తీసింది.

"ఇది నాకా?"

"కాదు," అన్నాడు రూబెన్.

"మరెవరు పోయారు?"

అతడు గోపురం వంక చూశాడు. తాళంచెవులు రెండని ఊరికంతా తెలుసు. ఒకటి అతని జేబులో ఉంది. రెండోది ఎవరి దగ్గర ఉందో ఆ పిల్లకూ తెలుసు. అయితే తనకు గౌను కుట్టి, కేకు కాల్చి, పొద్దున జడ వేసిన మనిషిని ఆమె ఊహించలేదు. రూబెన్ నోట్లోకి వచ్చిన పేరును మింగడం నేను కళ్ళారా చూశాను.

"నిన్న పైకెక్కి చూడాల్సింది నేను," అన్నాడు. "చూడలేదు. తప్పు నాది."

"కట్టింది మీరేనా?"

"తప్పు నాదన్నానుగా."

"ఊళ్ళో అందరూ ఏమనుకుంటున్నారో చూడండి. కెప్టెన్ ఆ పిల్లని సాగనంపుతున్నాడు అనుకుంటున్నారు." ఆమె గొంతు పెరగలేదు, ఇంకా చిన్నదైంది. "నిన్న అడిగాను. అప్పుడూ ఇలాగే నీళ్ళ డబ్బాలా నిలబడ్డారు. ఇప్పుడు చెప్పండి. ఎటు వేశారు?"

"బయటకి."

"నన్ను బయటకా?"

నేను కలగజేసుకుందామని ఒక అడుగు వేసి ఆగాను. ఒక మనిషి నిజం చెప్పబోయే ముందు ముఖంలో వచ్చే ఖాళీతనం అతని ముఖంలో వచ్చింది. నా వృత్తిలో దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటాం.

"నువ్వు గుర్తు రాలేదు పిల్లా," అన్నాడు.

ఆమె పూలగుత్తిని రెండు చేతులా పట్టుకుంది.

"రాత్రంతా అదే ఆలోచించాను. పెన్సిలు పట్టుకున్నప్పుడు పంపులు గుర్తొచ్చాయి. సముద్రం అవతల ఎక్కడో కూర్చున్నవాడు కాగితం పంపి, ఈ తూము ఇలా తెరువు, ఆ తూము అలా మూయి అంటే నాకు మండేది. మా నాన్న గుర్తొచ్చాడు. నువ్వు రాలేదు. నిన్ను పంపించాలని వేశానంటే అబద్ధం. నిన్ను తలుచుకుని కూడా వేశానంటే అదీ అబద్ధమే."

"ఇన్నేళ్ళు నా చేతులు చూస్తూ గంట కొట్టారు."

"అవును."

"ఓటు వేసే గదిలో మీ చేతులే మీకు కనపడ్డాయి."

"అవును," అన్నాడు మళ్ళీ. "తలుచుకుని ఉంటే ఎటు వేసేవాణ్ణో కూడా చెప్పలేను. అది తెలియకపోవడమే నాకు సిగ్గుగా ఉంది."

అంతలో గంటలు తడబడి, ఒక్కొక్కటే తగ్గి, ఆగిపోయాయి. గోపురం చిన్న తలుపు తెరుచుకుని డోర్కస్ బయటకు వచ్చింది. పెళ్ళి టోపీ పక్కకు జారి ఉంది. ఆమెకు చెవులు మందం. తాళ్ళ గదికీ గంటలకూ మధ్య రెండు అంతస్తుల చెక్క ఉంది. కాబట్టి గంటలు అలా పలుకుతున్నట్టు ఆమెకు చాలాసేపు తెలియనే లేదు. పక్క ఊరివారికి తాడు లాగిన క్షణంలోనే తెలిసింది. అయితే వారు మర్యాదస్తులు. పరాయి గోపురంలో పద్ధతుల గురించి నోరెత్తకూడదు, పైగా ఓట్ల ఫలితం వచ్చిన మరునాడు. వారిలో పెద్దాయన తరవాత నాతో, "మీ ఊరి అభిప్రాయం అదేమో అనుకున్నామండీ, అడగడం బాగుండదు కదా," అన్నాడు. వారిలో ఒక అమ్మాయి మాత్రం ఉండబట్టలేక డోర్కస్ చెవి దగ్గర అరిచి చెప్పింది.

డోర్కస్ గడ్డి మీదుగా వచ్చి రాసా రెండు చేతులూ పట్టుకుంది.

"నేనే కట్టాను తల్లీ. నిన్న పొద్దున. నీకు కాదు, ఈ దున్నపోతుకి. వీడొచ్చి సంబరంగా తాడు లాగితే చావు మోత వినపడాలని. మళ్ళీ వీడే విప్పుతాడనుకున్నాను." తమ్ముడి వైపు తిరిగింది. "ఎప్పుడూ ఎక్కుతావుగా పెళ్ళికి ముందు? నిన్నెందుకు ఎక్కలేదు?"

"ఆలోచిస్తూ కూర్చున్నాను."

"డెబ్బై ఏళ్ళొచ్చాక నీకెందుకురా కొత్త అలవాట్లు?"

రాసా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీరు కట్టలేదా?" అంది రూబెన్‌తో.

అతడు బూట్ల వంక చూసుకున్నాడు.

"కట్టానని ఎందుకన్నారు?"

"అనలేదు. తప్పు నాదన్నాను."

"వీడంతే," అంది డోర్కస్. "చిన్నప్పుడు జామ్ సీసా నేను పగలగొడితే వీడెళ్ళి మూల నిలబడేవాడు. నిలబడి, తరవాత నెల రోజులు నన్ను దెప్పేవాడు."

పెళ్ళికూతురు నవ్వలేదు. పైన గోపురం కిటికీ వంక చూసి, "గంటలు దించారా?" అని అడిగింది. మోగించడానికి గంటలను నోరు పైకి ఉండేలా లేపి నిలుపుతారు. అలా ఉన్నప్పుడు వాటి దగ్గరకు పోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

"దించాం. అన్నీ కిందికే ఉన్నాయి."

"ఎవరైనా వెళ్ళి విప్పాలి."

"నేను వెళ్తా," అన్నాడు రూబెన్.

"నీ మోకాలుతో నిచ్చెనెక్కితే నిన్ను దించడానికి ఫైరింజను రావాలి," అంది డోర్కస్. "పక్క ఊరివాళ్ళకి మన తోళ్ళ కట్టు తెలీదు. నేను ఎక్కుతాను."

"మీరు నిన్న ఎక్కింది చాలు," అని రాసా పూలగుత్తి నా చేతిలో పెట్టింది. గౌను అంచులు పోగుచేసి నడుం దగ్గర ముడేసింది. డోర్కస్ తాను కుట్టిన కుట్ల మీద ఆ ముడి పడుతుంటే కళ్ళు మూసుకుంది. చెప్పులు విడిచి, వట్టి కాళ్ళతో రాసా గోపురం మెట్లు ఎక్కసాగింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ పోట్లాడుకుంటూనే ఆమె వెంట ఎక్కారు. పూలగుత్తితో నేనూ ఎక్కాను. నన్నెవరూ పిలవలేదు.

తాళ్ళ గదిలో పక్క ఊరివారు గోడకు చేరబడి, తమ బూట్లను తామే తొక్కుకుంటున్నట్టు నిలబడ్డారు. పెళ్ళికూతురు వారికి నమస్కారం చెప్పి నిచ్చెనెక్కి చెక్క మూత తెరుచుకుని పైకి మాయమైంది. పైన ఆమె పాదాల చప్పుడు గంట నుంచి గంటకు పోతుండడం మాకు వినిపించింది. కాసేపటికి మూత సందులోంచి ఒక తోలు తొడుగు కిందపడింది. రూబెన్ వంగి తీశాడు. మరొకటి పడింది. డోర్కస్ తీసింది.

"గట్టిగానే కట్టావు," అన్నాడు రూబెన్ దాని ముడిని చూస్తూ.

"నువ్వే నేర్పావు."

"అక్కా, నువ్వు అంత ఎత్తు ఒక్కదానివే ఎక్కావా? పడితే?"

"పడితే బాగుండేది. ఆ పాపం కూడా బయటకి ఓటు వేసినవాళ్ళకే తగిలేది."

"నా మీద అంత కోపంగా ఉందా?"

డోర్కస్ తొడుగును మడిచింది. "నీ మీద కాదురా. పీటర్ లేడు. ఉంటే ఆ పొద్దున రేడియో ముందు కూర్చుని నా వంక చూసేవాడు. ఆ చూపుకి నేనేం చెప్పాలో నాకు తెలియలేదు. ఏదో ఒకటి చెయ్యాలి. కనపడింది నువ్వు."

రూబెన్ ఆమె టోపీ జారిన వైపు సరిచేశాడు. సరిగా చేయలేదు, ఇంకో పక్కకు జారింది. ఆమె దిద్దుకోలేదు.

నేను కిందికి దిగి లోపలున్నవారికి, కొంచెం ఆలస్యమవుతుందని చెప్పాను. ఎందుకో ఎవరూ అడగలేదు. అందరికీ అందరూ చెప్పేసుకున్నారు. ఉత్తరపు కిటికీ పూల స్త్రీలూ దక్షిణపు కిటికీ పూల స్త్రీలూ ఒకే బెంచీ మీదకు చేరి గుసగుసలాడుతున్నారు. రాసా తల్లి ఒక్కతే, చుట్టం చేత తర్జుమా చేయించి, "గంటలు ఎందుకు ఆపారు? ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా, ఎంత బాగున్నాయి," అని అడిగింది. నేను బాగున్నాయని ఒప్పుకున్నాను. ఆర్గను వాయించే పెద్దమనిషి వాయించినదే మళ్ళీ మొదలుపెట్టాడు.

నేను బయటకు వచ్చేసరికి రూబెన్, రాసా గోపురం తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఆమె గౌను ముడి విప్పుకుంది, చెప్పులు వేసుకుంది. చేతులు మోచేతుల దాకా గ్రీజుతో నల్లగా ఉన్నాయి. రూబెన్ జేబురుమాలు ఇస్తే తుడుచుకుంది. నలుపు రుమాలుకు అంటింది గాని చేతులను వదలలేదు. అతడు తన చేయి ముందుకు చాచలేదు. చాచే హక్కు తనకుందో లేదో తెలియని మనిషిలా ఆ చేతిని కోటు గుండీల దగ్గర ఉంచుకున్నాడు.

"నాకింకా కోపంగానే ఉంది," అంది ఆమె.

"ఉండాలి."

"ఇంత కోపంతో లోపలికి వెళ్తే సైలస్ తన మీదనుకుంటాడు. గుడి చుట్టూ ఒకసారి నడుద్దాం. అయ్యగారూ, వెళ్ళొచ్చా?"

పెళ్ళికూతురు ఆలస్యం చేస్తే ఏ గురువూ ఏమీ అనలేడు. సరే అన్నాను. ఇద్దరూ సమాధుల మధ్య గడ్డి దారిన నడవసాగారు, చేతులు కలపకుండా, మధ్యన ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి. నేను పూలగుత్తితో కొంచెం వెనగ్గా నడిచాను. ఉత్తరపు గోడ దగ్గరకు వచ్చేసరికి పైన గంటలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి రెండు దెబ్బలూ వెలుగే. గోపురం మీది కాకులు లేచి పొలాల మీదికి వెళ్ళిపోయాయి.

వారిద్దరూ కొంత దూరం నడిచారు. అంతలో, ఒకరికొకరు చెప్పుకోకుండానే, ఇద్దరూ తలలు కాస్త పక్కకు వంచారు. గంటలు మోగించేవారికి గంటలు ఊరికే వినడం రాదు.

"మూడోది తొందరపడుతోంది," అంది రాసా.

"పక్క ఊరివాళ్ళు. బస్సు దొరకదని భయం."

"అయిదోది?"

రూబెన్ విన్నాడు. "మా అక్క కళ్ళు తుడుచుకుంటోంది. ప్రతిసారీ వెనకబడుతోంది, చూడు."

"మీరు ఆరోదాని దగ్గరుంటే సర్దేవారు."

"నా చోట ఉన్నవాడు బాగానే కొడుతున్నాడులే," అన్నాడు, ఎంతో కష్టం మీద.

ఆమె నవ్వింది. నవ్వుతూ ఉండగానే, తనకు తెలియకుండానే అన్నట్టు, చేయి అతని మోచేతి కిందకు పోనిచ్చింది. అతని ఆదివారపు కోటు మీద అయిదు వేళ్ళూ నల్లగా పడ్డాయి. అతడు చూసుకోలేదు. నడక మాత్రం నిదానించింది. ఆ చేయి మళ్ళీ పోతుందేమోనని భయపడినవాడిలా.

"సోమవారం సాయంత్రం మీ తోటకి వస్తాను," అంది. "ఆ ఓటు ఎందుకేశారో మొత్తం చెప్పాలి. పంపుల సంగతి కూడా. నేను వాదిస్తాను. మీరు నీళ్ళ డబ్బా కింద పెట్టాలి."

"పంపుల సంగతి చాలా పెద్దది పిల్లా. ఒక సాయంత్రంలో తేలదు."

"నేనెక్కడికీ పోవడం లేదుగా."

అతడు తల ఊపాడు. దేవాలయం ముఖద్వారం దగ్గరకు వచ్చి ఆగారు. నేను పూలగుత్తి ఆమెకు తిరిగి ఇచ్చాను. లోపల ఆర్గను అదే పాటను మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. తలుపు రెక్కలు రెండూ తెరిచి పట్టుకుని నేను పక్కకు జరిగాను.